ఏ జంతువు గురించో ముందు చెప్పమ్మా

చెల్లెమ్మా,

అండాశయం ఎదుగుదల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం నీకు బాగా పట్టుబడింది. విషయం దగ్గరే కొన్ని మాటలు చెప్పాలి.

హార్మోన్లకు అంటుకునే ప్రోటీన్లను నువ్వు మూటలు మోసే కూలీలతో పోల్చావు. ఆ పోలిక తీసెయ్. మోయడం నిజమే కానీ, హార్మోన్‌ను పనిచేయనివ్వకుండా ఆపి ఉంచడం అంతకన్నా పెద్ద పని. రక్తంలోని టెస్టోస్టెరాన్‌లో విడిగా తిరిగేది నూటికి 1 నుంచి 3 వంతులే. మిగతాదంతా ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ అనే ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. ఆల్బుమిన్‌ది వదులు పట్టు, ఎస్‌హెచ్‌బీజీది గట్టి పట్టు. అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ ఎక్కువై, కాలేయం ఎస్‌హెచ్‌బీజీని తక్కువగా తయారు చేస్తుంది. అందుకే రిపోర్టులో మొత్తం టెస్టోస్టెరాన్ నార్మల్‌గా కనిపించినా, విడి హార్మోన్ ఎక్కువగా ఉండొచ్చు. మొటిమలతో, అవాంఛిత రోమాలతో టెన్షన్ పడుతూ, "రిపోర్టు బాగానే ఉందిగా" అని అందరిచేతా అనిపించుకునే అమ్మాయి నీ వ్యాసం చదువుతుంది. ఆమె కోసం ఈ భాగం నిదానంగా, విడమరిచి రాయి.

ఇక రెండో పేజీలో చిట్టెలుకల సంగతి తెచ్చి మనుషుల్లో కలిపేశావు. ఇది నాకు అసలు నచ్చలేదు. కడుపులోని ఎలుక పిల్లల్లో ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే రక్త ప్రోటీన్, ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మనుషుల్లో అదే పేరున్న ప్రోటీన్‌కు ఆ గుణం దాదాపు లేదు. ఏ జంతువో చెప్పకపోతే ఇక్కడ నిజం కూడా అబద్ధమైపోతుంది.

ఆ ఎలుకల కథ మాత్రం వదలకు, ఇంకా పెంచు. ఈ ప్రోటీన్ జన్యువును తీసేసిన ఎలుకల ఫలితాలు 2002లో వచ్చాయి. అవి మామూలుగానే పుట్టి పెరిగాయి. కానీ ఆడవాటికి అండం విడుదల కాలేదు, పిల్లలు పుట్టలేదు. ఎవరైనా ముందు అండాశయాన్నే అనుమానిస్తారు. తీరా చూస్తే లోపం మెదడులోని హైపోథాలమస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర ఉంది. పుట్టకముందే ఈస్ట్రోజెన్ అడ్డూ ఆపూ లేకుండా మెదడును చేరి, అండాశయానికి ఆజ్ఞలిచ్చే ఏర్పాటునే మార్చేసింది. గర్భంలో ఉండగానే ఈస్ట్రోజెన్ తయారీని మందుతో ఆపితే, పెద్దయ్యాక అలాంటి ఎలుకలకే పిల్లలు పుట్టాయి! ఇంత మంచి సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎలా? తప్పు అండాశయానిది కాదని పాఠకుడే కనిపెట్టేలా, అదే వరుసలో చెప్పు.

అండాశయం లోపలి సంగతి ఒకటి చేర్చు. ఆవుల్లోనూ మనుషుల్లోనూ అండాలు పెరిగే చిన్న సంచుల్లో మిగతావాటిని దాటి ముందుకు దూసుకెళ్లే ఫాలికిల్‌లో పాప్-ఏ అనే ఎంజైము, ఎదుగుదలను ప్రేరేపించే ఐజీఎఫ్‌ను పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. దాంతో ఐజీఎఫ్ విడుదలై, ఆ ఫాలికిల్ తనను పెంచే పిట్యూటరీ హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్‌కు ఇంకా బాగా స్పందిస్తుంది.

చివర్లో ఇచ్చిన కషాయాల జాబితాకు ఆధారం చూపలేదు. దాన్ని పూర్తిగా కొట్టేసి, సవరించిన ప్రతి నాకు పంపు. చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
అక్క