ఆకురాయి పక్కన పెట్టు తల్లీ

తల్లీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. వచ్చే నెల షూటింగ్ పోటీలో నువ్వు రివాల్వర్ పట్టుకుని నిలబడుతున్నావని చెప్పింది. కాసేపు నాకు నోట మాట రాలేదు. ఎనిమిదేళ్లప్పుడు సూదిలో దారం ఎక్కించాలని ఊపిరి బిగబట్టి కూర్చునేదానివి, ఆ మొహమే కళ్లముందు మెదిలింది. ఆ సంతోషంలో నేనుండగానే ఇంకో మాట అంది: "దెబ్బలన్నీ కిందికి పడుతున్నాయట అన్నయ్యా, గురి చూసే ఆ ముందు సైట్ ముక్కని అరగదీస్తానంటోంది." ఇక నిద్ర పడితే ఒట్టు. తెల్లారకముందే లేచి రాస్తున్నాను. ఇది చివరిదాకా చదివేవరకూ ఆకురాయి ముట్టుకోకు.

కళ్లద్దాలు, చెవి మూతల గురించి నీకు చెప్పక్కర్లేదు. తూటాలు పెట్టే సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని నీ కళ్లతో చూసుకున్నాకే ఏ పనిముట్టయినా పట్టుకో.

దిక్కుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. వెనక సైట్ ఎటు జరిపితే దెబ్బ అటే జరుగుతుంది. ముందు సైట్ దానికి ఉల్టా: పొట్టి చేస్తే దెబ్బ పైకి లేస్తుంది, కుడికి జరిపితే ఎడమకి పోతుంది. నీ తుపాకీకి వెనక సైట్ జరిపే స్క్రూలు లేవు, దాని బదులు ఫ్రేములోనే గాడి కోసి ఉంది. అందుకే నీకు ఆకురాయి గుర్తొచ్చింది. కానీ లెక్క ఒకసారి చూడు. 25 మీటర్ల దగ్గర 8 సెంటీమీటర్లు కిందికి పడుతోందనుకుందాం. రెండు సైట్ల మధ్య దూరం 15 సెంటీమీటర్లు. ఎనిమిదిని పదిహేనుతో హెచ్చించి 2500తో భాగించు. అరగదీయాల్సింది అర మిల్లీమీటరు కూడా కాదని తేలుతుంది, మామూలు కాగితాలు ఐదు దొంతరగా పెడితే ఎంతో అంత. ఆకురాయి నాలుగుసార్లు గట్టిగా లాగితే ఆ గీత ఎప్పుడు దాటిపోయిందో నీకే తెలియదు. పోయిన ఇనుము మళ్లీ రాదు.

నేను దాటాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నా తూటాలు కూడా నల్ల చుక్క కింద నాలుగు వేళ్ల దూరాన, కాస్త ఎడమగా పడేవి. తప్పు తుపాకీదేనని ఒక్కరోజులో తేల్చేశాను. ఆ రాత్రే వైస్‌లో బిగించి ముందు సైట్ అరగదీశాను. పైన గరుకుకాగితంతో నునుపు చేసి నల్లరంగు కూడా పూశాను. మర్నాడు దెబ్బలు చుక్క ఎత్తుకొచ్చాయి. ఎంత గర్వపడ్డానో!

రెండు వారాల తర్వాత రేంజిలో ఒక పెద్దాయన నా వెనక నిలబడి చూసి, తుపాకీ ఇలా ఇవ్వమన్నాడు. అటు తిరిగి సిలిండర్‌లో మూడు మంచి తూటాలు, మూడు కాల్చేసిన ఖాళీ తొడుగులు కలిపి పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పకుండా నా చేతిలో పెట్టాడు. మొదటిది పేలింది. రెండోది ఖాళీ. టిక్కుమనగానే తుపాకీ మూతి గింజ ఏరుకునే కోడిలా కిందికి ముంచుకుపోయింది. పేలే తూటాతో ఆ మునక ఎప్పుడూ కనబడదు, పైకి తన్నే తన్నులో కలిసిపోతుంది. చప్పుడు రాబోతోందని నా చెయ్యి ముందే జడిసి మూతిని తొక్కేస్తోంది. కుడిచేతి వాటం వాళ్లకి కింద ఎడమ మూలకి తూటా పోతోందంటే ముందుగా అనుమానించాల్సింది అదే. ఆ చెయ్యి తీరుకి తగ్గట్టు నేను ఇనుముని కోసుకున్నాను.

ఆ జడుపు పోవడానికి రెండు నెలలు పట్టింది. జడుపు పోయాక దెబ్బలన్నీ చుక్కకి నాలుగు వేళ్లు పైన పడ్డాయి. దెబ్బ పైకి పోయే ఆ తుపాకీతో, ఇంకా పైన తగిలే బరువు తూటాలు వాడే దారే లేకపోయింది. ముందు సైట్ మీద మళ్లీ లోహం అతికించాల్సి వచ్చింది. అతికిన చోట నల్లరంగు కాలి తేలిన మచ్చ ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు నువ్వు దాని మీద వేలు పెట్టి "మామయ్యా, దీనికి దెబ్బ తగిలిందా" అని అడిగేదానివి.

నీ విషయానికి వస్తాను. నువ్వు పంపిన ఫొటోలో పెట్టె మీద 125 అని ఉంది. తూటాలోంచి ఎగిరిపోయే గుండు బరువు అది, 125 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గుండ్లు తూచే చిన్న తూనిక. అలా కదలని సైట్లున్న, .38 స్పెషల్ అనే రకం తూటా వాడే రివాల్వర్లని చాలా మటుకు 158 గ్రెయిన్ల గుండుకి సరిపెట్టి చేశారు. మందు అంటుకున్న క్షణం నుంచీ, గుండు బ్యారెల్ గొట్టం దాటకముందే, తుపాకీ వెనక్కి తన్ని మూతి లేవడం మొదలుపెడుతుంది. బరువైన గుండు నిదానంగా కదులుతుంది, గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఈలోగా మూతి ఇంకాస్త లేస్తుంది. అందుకే అది పైన తగులుతుంది. తేలిక గుండు త్వరగా బయటపడి కింద తగులుతుంది. బరువుది కిందికి పోవాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పోటీ దూరాల్లో మాత్రం ఇదే నిజం. కాబట్టి ముందు 158 పెట్టె ఒకటి తెచ్చుకో. నీ జబ్బుకి మందు అక్కడే దొరకొచ్చు.

కూర్చుని కాల్చు. మణికట్లు ఇసుక సంచి మీద ఆనించు, బ్యారెల్ దేనికీ తగలనివ్వకు, తగిలితే దెబ్బ చోటు మారిపోతుంది. పట్టు ఒక రోజు బిగువు, ఒక రోజు వదులు అయితే తన్ను మారి అదీ మారుతుంది. ఒక్క తూటా చూసి ఏమీ నిర్ణయించకు. ఆరేసి చొప్పున మూడు కాగితాలు కాల్చి, ప్రతిదానికీ గుంపు మధ్యలో పెన్సిల్‌తో గుర్తుపెట్టు. సిలిండర్ గదులకి నంబర్లు వేసుకో. ఒక్కోసారి ఒక గది మాత్రమే పక్కకి విసురుతుంది, మనం ఆరింటినీ తిట్టుకుంటాం. ఎండ పక్కనుంచి పడి సైట్ ఒక అంచు మెరుస్తుంటే ఆ రోజు కొలతలు లెక్కలోకి తీసుకోకు.

నా అసలు భయం వేరే ఉంది, అది కూడా చెప్పేస్తాను. దెబ్బ సరిచెయ్యాలని మందు తగ్గించి తూటాలు నింపుకునేవాళ్లున్నారు. నా పక్క వరసలో ఒకాయన తూటా ఠాం అనాల్సింది తుస్సుమంది. ఆయన రెండోది నొక్కబోతుంటే అరిచి ఆపాను. సిలిండర్ ఖాళీ చేసి కర్ర దూర్చి చూస్తే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. దాని వెనక ఇంకోటి పేలి ఉంటే గొట్టం ఉబ్బేది, పగిలినా పగిలేది. నువ్వే నింపుకునే రోజు వస్తే అచ్చువేసిన పట్టికలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ దాటకు. చప్పుడు తేడాగా వినబడితే అక్కడికక్కడే ఆగిపో. పోటీ మధ్యలో అయినా సరే, పతకం పోయినా సరే. అసలు పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగు, అప్పుడే సిలిండర్ తెరువు.

గట్టిగా రాసేశాను, కోపం తెచ్చుకోకు. నీ చెయ్యి నాకన్నా నిలకడైనది, అది నేను చిన్నప్పుడే చూశాను.

ముందు ఖాళీ తొడుగులు కలిపి నువ్వూ చూసుకో. నింపేది వేరేవాళ్లయితేనే దానికి అర్థం. 158తో, జడుపు లేని చేత్తో, నెల తర్వాత కూడా కిందికే పడుతుంటే అప్పుడు అరగదీద్దాం. నాలుగు లాగులు, కొలత, మళ్లీ కాల్చడం, ఇంకా కాస్త కింద ఉండగానే ఆపేయడం. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి, వస్తాను. ఆకురాయి నువ్వు పట్టుకో, కాలిపర్ నేను పట్టుకుంటాను.

మామయ్య