యూనివర్సిటీ హాస్పిటల్లో అమ్మ మీద ప్రయోగాలు చేస్తారా?

ప్రశ్న: మా అమ్మకి 52 ఏళ్లు. రొమ్ములో గడ్డకి బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు, యూనివర్సిటీ హాస్పిటల్‌కి పంపారు. అక్కడ స్టూడెంట్లు గుంపుగా వచ్చి చూస్తున్నారు, ట్రయల్‌లో చేరతారా అని ఏవో కాగితాలిచ్చారు. భయమేసి ఇంటికి తీసుకొచ్చేశాం. రెండు నెలలుగా తెలిసినవాళ్లిచ్చిన పొడి వాడుతున్నాం. చంకలో కూడా చిన్న గడ్డ తగులుతోంది. ట్రయల్ ప్రమాదమా?

జవాబు: ట్రయల్ సంగతి తర్వాత. చంకలో గడ్డ అని ఒక్క ముక్క రాసి వదిలేశారే, నాకు కంగారు అక్కడే. లింఫ్ గ్రంథులకి పాకిందేమో, కాదేమో, చేత్తో చూడకుండా, స్కాన్ తీసి సూదితో శాంపిల్ తీయకుండా నేనిక్కడి నుంచి ఏదీ ఖాయంగా చెప్పలేను, కానీ ఈ వారం దాటకుండా చూపించాల్సిందే. బయాప్సీలో తేలాక రెండు నెలలు ఇంట్లో ఉంచడమేంటండీ!

ఇక ఆ పొడి. లేబుల్ లేని పొడుల్లో సీసం, స్టెరాయిడ్లు కలిసిన కేసులున్నాయి, కొన్ని లివర్‌ని దెబ్బతీస్తాయి. డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందు బయటికి పోవాల్సింది లివర్ గుండానే, రక్తంలో బిలిరుబిన్ (లివర్ సరిగా పనిచేయకపోతే పెరిగే పసుపు పదార్థం) పెరిగి ఉంటే డోస్ తగ్గించాలి, ఒక్కోసారి వాయిదా వేయాలి, అంటే మేలు చేస్తుందని వాడిందే అసలు వైద్యానికి అడ్డం పడుతుంది. చాలామంది చెప్పరు కూడా, లివర్ రిపోర్ట్ తేడాగా వచ్చి మేం గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు సంచీలోంచి పొట్లం తీస్తారు. ఆపేయండి, పొట్లం మాత్రం పారేయకుండా డాక్టర్‌కి చూపించండి. స్టెరాయిడ్ కలిసి ఉంటే సడన్‌గా ఆపినప్పుడు బాగా నీరసం, వాంతులు, కళ్లు తిరగడం రావొచ్చు, అలా అయితే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీరడిగింది: ట్రయల్‌కి ఒప్పుకోకపోయినా మామూలు వైద్యం ఆగకూడదు, చేరాక కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అది ఆ కాగితంలోనే ఉంటుంది, సంతకానికి ముందు చదివించుకోండి. పనిచేసే మందు ఉన్న క్యాన్సర్‌లో ఉత్తి డమ్మీ మాత్ర ఒక్కటే ఇచ్చి కూర్చోబెట్టడం మామూలుగా జరగదు, ఎక్కువగా ఇప్పుడున్న వైద్యాన్ని కొత్తదాంతో పోల్చి చూస్తారు. అయితే అది ఎన్నో ఫేజో అడగండి, ఫేజ్ 1 అంటే డోస్ ఎంతవరకు సేఫో చూసేది. హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే) రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్ అనే మందు 1998లో అమెరికాలో అనుమతి పొందింది కూడా ఇలా ట్రయల్స్‌లో చేరినవాళ్ల వల్లే. స్టూడెంట్లు ఇబ్బందైతే వద్దని చెప్పొచ్చు, తప్పేం లేదు. కానీ సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, బయాప్సీ ముక్కని మైక్రోస్కోప్‌లో చూసే పెథాలజిస్ట్ ఒకేచోట కూర్చుని ముందు ఆపరేషనా, ముందు కీమోనా అని తేల్చే ట్యూమర్ బోర్డు ఇలాంటి చోట్లే ఎక్కువ, అది వదులుకోకండి.

వెళ్లేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనం బ్లాక్ (గడ్డ ముక్కని మైనంలో భద్రపరిచింది) అడిగి తీసుకోండి, ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్ (ఈ రెండూ హార్మోన్ రిసెప్టర్లు), హెర్2 పరీక్షలు కాకపోయి ఉంటే దాని మీదే చేయొచ్చు, మళ్లీ సూది పొడవక్కర్లేకుండా పోతుంది.