యువ రచయితకు లేఖ: తుంటి పట్టేసిన మనిషిని రాయడం గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. చిన్నప్పుడే పోలియో సోకి, ఇప్పుడు యాభై దాటిన ఒక దర్జీని కథకు కేంద్రంగా పెట్టుకున్నావు. అతని మాటతీరు, గుడ్డ కొలిచేటప్పుడు చూపే నిదానం, కొడుకుతో పడే పేచీ చక్కగా కుదిరాయి. అతని శరీరం మాత్రం కథలోకి రాలేదు. అతని కుడి తుంటి పట్టేసిందని ఒకచోట చెప్పి, ఆ తర్వాత అంతటా 'కుంటుతూ వచ్చాడు', 'కుంటుతూ వెళ్లాడు' అన్న మాటలతోనే సరిపెట్టావు. పట్టేసిన తుంటితో నలభై ఏళ్లకు పైగా బతికిన మనిషి ఎలా నిలబడతాడో, ఎలా పడుకుంటాడో, ఏ పనికి ఎంత అలసిపోతాడో నీకు తెలిస్తే కథలో సగం సన్నివేశాలు తమంతట తామే మారిపోతాయి. అందుకే ఈ ఉత్తరంలో శైలి గురించి, ముగింపు గురించి ఏమీ రాయడం లేదు.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. తుంటి కాంట్రాక్చర్, అంటే కీలు పూర్తిగా చాచలేకుండా బిగిసిపోవడం, తుంటి దగ్గర కనబడదు. ఆ కీలు తొడ కండరాల లోతున ఉంటుంది. అది చేయలేని పనిని నడుము, మోకాలు, మడమ, రెండో కాలు పంచుకుంటాయి కనుక, చూసేవాడికి కనిపించేదంతా ఆ పంపకమే. రచయిత తుంటిని వర్ణించాలని కూర్చుంటే చేతికి ఏమీ దొరకదు, మిగతా ఒళ్లు తుంటి కోసం ఏం చేస్తోందో చూస్తే మనిషి మొత్తం దొరుకుతాడు.

ముందుగా నిలబడటం సంగతి చెబుతాను. ఏ ఇబ్బందీ లేని మనిషి నిటారుగా నిలబడినప్పుడు శరీర భారం తుంటి కీలుకు కొంచెం వెనకగా, మోకాలికి కొంచెం ముందుగా దిగుతుంది. తుంటి ముందువైపున ఉన్న ఇలియోఫెమొరల్ లిగమెంట్ అనే దృఢమైన బంధనం ఆ భారాన్ని ఆపుతుంది కాబట్టి కండరాలకు పెద్దగా పని ఉండదు. తొడ వెనక్కి సాగకుండా ముందుకు వంగిన స్థితిలోనే బిగిసిపోయిన మనిషికి ఆ వెసులుబాటు పోతుంది. అతనికి నిలబడటమే ఒక పని. పిరుదుల కండరాలు, నడుము కండరాలు, తొడ కండరాలు ఆగకుండా శ్రమిస్తూ ఉండాలి. నీ కథలో దర్జీ పెళ్లిపందిట్లో గంటసేపు నిలబడి అందరినీ పలకరిస్తాడు. అతను అలా నిలబడడు. చేతికి అందేంత దూరంలో ఒక గుంజనో కుర్చీ వీపునో ముందే చూసిపెట్టుకుని, అక్కడికే చేరుకుని నిలబడతాడు.

మరి నిటారుగా ఎలా నిలుస్తాడని నువ్వు అడగవచ్చు. తొడ 30 డిగ్రీలు ముందుకు వంగి బిగిసిందనుకో. పాదం నేల మీద ఆనాలి, తల నిటారుగా ఉండాలి. అప్పుడు కటి ఎముక ముందుకు ఒరుగుతుంది, దాన్ని సరిదిద్దడానికి నడుము లోపలికి బాగా వంపు తిరుగుతుంది. పొట్ట ముందుకు, పిరుదులు వెనక్కి వచ్చినట్లు కనబడతాయి. నువ్వు 'నడుము వంగిపోయిన మనిషి' అని రాశావు. నిజానికి అతని నడుము వంగినది ముందుకు కాదు, లోపలికి. ఏళ్ల తరబడి అలా వంపు తిరిగిన నడుమే సాయంత్రానికి నొప్పి పెడుతుంది. అందుకే ఇలాంటి వాళ్లలో చాలామంది డాక్టరు దగ్గరకు తుంటి అని చెప్పుకుంటూ పోరు, నడుము నొప్పి అని పోతారు. నడుము వంపు చాలకపోతే మోకాలు వంగుతుంది, లేదా మడమ నేల వదిలి లేస్తుంది.

తుంటి బిగుతును నడుము వంపు దాచిపెట్టే ఈ మోసాన్ని పట్టుకునే పరీక్ష ఒకటి 19వ శతాబ్దం నుంచీ ఉంది. లివర్‌పూల్‌లో పనిచేసిన హ్యూ ఓవెన్ థామస్, ఎముకలు సరిచేసే వృత్తి తరతరాలుగా ఉన్న వెల్ష్ కుటుంబంలో పుట్టినవాడు, తుంటికి క్షయ సోకిన రోగులను చూస్తూ దీన్ని వివరించాడు. రోగిని గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బాగున్న కాలి మోకాలిని ఛాతీ వైపు మడిచి పట్టుకోమంటారు. అప్పుడు నడుము బల్లకు ఆనుతుంది, దాచుకోవడానికి ఇక వంపు మిగలదు. పట్టేసిన వైపు తొడ దానంతట అదే బల్ల మీద నుంచి పైకి లేస్తుంది. లేచిన ఆ కోణమే కాంట్రాక్చర్ కొలత. నీ కథకు ఇది నేరుగా పనికొస్తుంది. దర్జీ చాప మీద వెల్లకిలా పడుకుంటే అతని నడుము కింద నుంచి చెయ్యి దూరిపోయేంత ఖాళీ ఉంటుంది, లేదా కుడి మోకాలు పైకి లేచి ఉంటుంది. కుంగిన నవారు మంచం అతనికి హాయి, గట్టి నేల బాధ. బోర్లా పడుకోవడం అతనికి దాదాపు అసాధ్యం. గుడిలో కొడుకు సాష్టాంగపడుతుంటే అతను నిలబడి చేతులు జోడించే సన్నివేశం నీ కథలో ఉంది. అందులో నువ్వు చూపిన కారణం అహంకారం. అసలు కారణం అతని కటి భాగం నేలకు ఆనకపోవడం కావచ్చు, అది కొడుక్కి ఏనాడూ తట్టకపోయి ఉండవచ్చు. ఈ దారిన పోతే నీ తండ్రీకొడుకుల పేచీ ఇంకా లోతుకు వెళుతుంది.

నడకలో కూడా కంటికి కనిపించేది మరోచోటే. నడిచేటప్పుడు వెనక ఉన్న కాలి తొడ నిటారు గీత దాటి సుమారు 10 డిగ్రీలు వెనక్కి సాగాలి. అప్పుడే ముందుకు వేసే రెండో కాలికి పూర్తి అడుగు దొరుకుతుంది. కుడి తుంటి వెనక్కి సాగకపోతే పొట్టిదయ్యేది ఎడమ కాలి అడుగు. ఆరోగ్యంగా ఉన్న కాలే చిన్న అడుగు వేస్తుందన్న మాట. దీనికి పోలియో వల్ల తొడ ముందు కండరం బలహీనపడటం కూడా తోడైతే, మోకాలు కుప్పకూలకుండా ప్రతి అడుగుకూ చేత్తో తొడను వెనక్కి నొక్కి నడవాలి. మన ఊళ్లలో ఇలా తొడ మీద చెయ్యి ఆనించి నడిచేవాళ్లను నువ్వు చూసే ఉంటావు. ఆ చెయ్యి ఇక దేనికీ ఖాళీగా ఉండదు. నీ దర్జీ రెండు చేతులా టీ గ్లాసులు పట్టుకుని దుకాణంలోకి రాలేడు.

పోలియోలో తుంటి బిగిసే తీరు కొంచెం ప్రత్యేకం. జ్వరం, నొప్పులతో ఉన్న పిల్లవాడు కాళ్లు ఎడంగా, మోకాళ్లు మడిచి, బయటికి తిప్పుకుని వెల్లకిలా పడి ఉంటాడు. తుంటి బయటి వైపు నుంచి మోకాలి కింది దాకా దిగే ఇలియోటిబియల్ బ్యాండ్ అనే గట్టి పట్టీ ఆ స్థితిలోనే కురచబడుతుంది. పిల్లవాడు ఎదుగుతాడు, ఆ పట్టీ అంతగా సాగదు. తర్వాత లేచి నిలబడినప్పుడు ఎడంగా బిగిసిన ఆ కాలిని శరీరం కిందికి తెచ్చుకోవాలంటే కటి ఎముక ఆ వైపు కిందికి ఒరగాలి, దాన్ని సరిచేయడానికి వెన్ను పక్కకు వంగాలి. పోలియో సోకిన కాలు నిజంగా పొట్టిదే అయినా, కటి ఒరిగిన ఒరుగుడుకు అంత పొట్టిగా కనబడకపోవచ్చు. అందుకే డాక్టర్లు టేపుతో రెండు కొలతలు తీస్తారు: బొడ్డు నుంచి చీలమండ దాకా ఒకటి, తుంటి ముందు తగిలే ఎముక మొన నుంచి చీలమండ దాకా ఇంకొకటి. మొదటిది కనిపించే పొడవు, రెండోది నిజమైన పొడవు. నీ పాత్ర దర్జీ కదా! అతని మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. తన ప్యాంటు తానే కుట్టుకునే మనిషికి రెండు కాళ్ల కొలతలు వేరని, నడుము పట్టీ ఏటవాలుగా నిలుస్తుందని ఏ డాక్టరూ చెప్పనక్కర లేదు. ఆ ఒక్క వివరం నీ కథలోని రెండు పేజీల సానుభూతి కంటే ఎక్కువ చెబుతుంది.

'మొద్దుబారిన కాలు' అని రాసిన వాక్యం మాత్రం తప్పకుండా తీసెయ్యి. పోలియో వైరస్ దెబ్బతీసేది కండరాలను కదిలించే నరాల కణాలను; స్పర్శ పోదు. ఆ కాలికి చీమ కుడితే తెలుస్తుంది, సూది గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. కాలం సంగతి కూడా సరిచూసుకో. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు (టీకా వైరస్ వల్ల కాక, సహజంగా తిరిగే వైరస్ వల్ల వచ్చినది) 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. నీ దర్జీ వయసుకు ఇబ్బంది లేదు గాని, అతని మనవడి తరగతిలో ఇంకో పిల్లవాడికి కొత్తగా పోలియో వచ్చినట్లు రాయడం కుదరదు.

కూర్చున్నప్పుడు ఈ వైకల్యం మాయమవుతుందన్న సంగతి నీ కథకు అన్నిటికన్నా విలువైనదని నా ఉద్దేశం. తొడ ముందుకు వంగి బిగిసినవాడికి కుర్చీలో కూర్చోవడానికి కావలసింది ఆ వంపే. మిషను ముందు కూర్చున్న దర్జీ ఎవరికీ తీసిపోడు, ఎడమ కాలితో తొక్కుతూ పొద్దంతా కుడతాడు. మరోవైపు, అలా గంటలు గంటలు కూర్చోవడం ఆ బిగుతును ఇంకా పెంచుతుంది. అతనికి అన్నం పెట్టే భంగిమే అతని నడకను తీసుకుపోతోంది. దీన్ని నువ్వు వ్యాఖ్యానించనక్కర లేదు, చూపిస్తే చాలు.

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా తెలుసుకుని ఉండు. కండరం పొట్టిగా ఉన్న స్థితిలోనే ఎక్కువ కాలం ఉంటే తనలోని సార్కోమియర్లు అనే అతి సూక్ష్మమైన భాగాలను తగ్గించుకుంటుంది. 1972లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పిల్లుల పిక్క కండరాన్ని కురచ స్థితిలో కట్టు వేసి ఉంచితే నాలుగు వారాల్లో ఆ భాగాల సంఖ్య 40 శాతం తగ్గింది, కట్టు తీశాక మళ్లీ పెరిగింది. మనిషిలో ఏళ్లు గడిచేకొద్దీ కండరంతో పాటు కీలు చుట్టూ ఉన్న పొర, బంధనాలు కూడా బిగుసుకుంటాయి, అప్పుడు వెనక్కి తిరిగే దారి కష్టమవుతుంది. కాబట్టి నీ కథ చివర కోడలు నూనె రాసి మర్దన చేయగా నలభై ఏళ్ల బిగుతు విడిపోయిందన్న ముగింపును నేను ఒప్పుకోలేను. చదివేవాళ్లలో అలాంటి మనుషులున్న ఇళ్లు ఉంటాయి; వాళ్లకు మనం లేనిపోని ఆశ పెట్టకూడదు. నాడీ సంబంధ జబ్బులున్నవారి కీళ్ల కదలికను కొన్ని నెలల పాటు చేసిన స్ట్రెచింగ్ చెప్పుకోదగినంతగా పెంచలేదని 2017లో కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసేది) తేల్చింది. బిగిసిన భాగాలను కోసి వదులుచేసే శస్త్రచికిత్సలు ఉన్నాయి. అయితే బలహీనమైన కాలికి ఒక్కోసారి ఆ బిగుతే ఆసరా అవుతుంది కనుక, చెయ్యడమా మానడమా అన్నది సర్జను చాలా ఆలోచించి తేల్చవలసిన విషయం.

ఈ కథ అయ్యాక నల్గొండ ఫ్లోరోసిస్ మీద రాయాలనుకుంటున్నానన్నావు. అక్కడి దేహాన్ని ఈ దర్జీ దేహంతో కలపకు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. దర్జీకి బిగిసింది కండరం, పట్టీ. ఫ్లోరోసిస్ ముదిరిన మనిషికి బంధనాలే ఎముకలా గట్టిపడతాయి, తుంటి, మోకాలు వంగి నిలిచిపోవడంతో పాటు వెన్నెముక కూడా బిగుస్తుంది. తుంటి చేయలేని పనిని నడుము అందుకునే అవకాశం అక్కడ లేదు. అందుకే మనిషి మొత్తం ముందుకు ఒరుగుతాడు, చూపు నేల మీద పడుతుంది, ఎదుటివాడి ముఖం చూడాలంటే మోకాళ్లు ఇంకా మడిచి మెడ ఎత్తాలి. వెన్నెముక కీళ్లు వాచి క్రమంగా అతుక్కుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ముదిరిన వాళ్లలోనూ ఇంచుమించు ఇదే కష్టం. సెరెబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న కొందరు పిల్లల్లో తొడలు లోపలికి బిగిసి, నడకలో ఒక మోకాలి ముందుకు ఇంకొకటి వచ్చి కత్తెర పడుతుంది. వాళ్లకు బాసింపట్టు సాధ్యం కాదు, శుభ్రం చేయడం తల్లికి రోజూ ఒక పోరాటం. ఇవన్నీ 'కుంటడం' అన్న ఒక్క మాటలో ఇమిడేవి కావు.

వ్యాసాలు కూడా రాస్తానన్నావు గనుక ఒక మాట. పక్షవాతంతో మంచాన పడ్డవారికి, మోకాలి పైన కాలు తీసేసినవారికి ఇంట్లోవాళ్లు ప్రేమతో తొడ కింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది, కాని తుంటి అక్కడే బిగిసిపోతుంది, తర్వాత కృత్రిమ కాలు అమర్చుకోవడం కష్టమవుతుంది. డాక్టరు వద్దనకపోతే రోజులో కొంతసేపు బోర్లా పడుకోబెట్టమని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఇది నీ మొదటి వ్యాసంలోనే, పైనే, సూటిగా రాయి. బిగిసిన తర్వాత సరిచేయడం కన్నా బిగియకుండా చూసుకోవడం తేలిక.

తిరగరాసే ముందు జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి అడిగి కొన్ని ఉదయాలు కూర్చో. ఎవరి నడకనూ చాటుగా చూసి రాసుకోకు. నీకు పోలియో వచ్చిన పెద్దమనిషి ఎవరైనా తెలిస్తే, 'మీకు ఎలా వచ్చింది' అని మొదలుపెట్టకుండా బస్సు మెట్టు ఏ కాలితో ఎక్కుతారో, ఏ మంచం మీద నిద్ర పడుతుందో, ఇంటికి ఇండియన్ మరుగుదొడ్డి సరిపోతోందో లేదో, వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లే సదరం శిబిరంలో ఎంతసేపు నిలబడవలసి వచ్చిందో అడుగు. తిరగరాసిన కథను అచ్చుకు పంపేముందు ఆయనకే చదివి వినిపించు, ఆయన కాదన్న వాక్యాలు తీసేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి