సెకనుకు 30 ఫ్రేములు అని చూసి కెమెరా కొనకండి

బీఎంఎక్స్ (చిన్న చక్రాల సైకిళ్లతో చేసే విన్యాసాలు), స్కేట్‌బోర్డింగ్ తీస్తున్నానని, చేతిలో ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ సెకనుకు 5 ఫ్రేములే తీస్తోందని, వీడియోలో ఫోకస్ అసలు నిలవడం లేదని రాశారు. సెకనుకు 30 ఫ్రేములు తీసే మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్‌లా లోపల అద్దం ఉండని కెమెరా) ఒకటి చూశాను, ఫోటోకి, వీడియోకి రెండిటికీ అదే సరిపోతుందా అని అడిగారు. సరిపోవచ్చు. కానీ ఆ 30 అనే అంకెని నమ్మి నేను ఏం పోగొట్టుకున్నానో ముందు చెప్తాను, ఆ తర్వాత ఏది కొనాలో మీరే చూసుకుంటారు.

నేను బీఎంఎక్స్ కుర్రాళ్ల ఫోటోలు తీయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. నాలుగేళ్ల క్రితం మీలాగే పాత బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) పక్కన పెట్టి కొత్తది కొన్నాను, డబ్బా మీద పెద్దక్షరాలతో 30 అని ఉంది. అది ఎలక్ట్రానిక్ షట్టర్‌తో (ఏ తెరా కదలకుండా సెన్సరే చిత్రాన్ని చదువుకోవడం) వచ్చే లెక్క అని, మెకానికల్ షట్టర్‌తో (సెన్సర్ ముందు నిజంగా తెర కదలడం) అయితే 12 దగ్గర ఆగిపోతుందని కింద చిన్నక్షరాల్లో రాసే ఉంది, నేను చదివాను కూడా. చప్పుడు లేకుండా 30 వస్తుంటే 12తో ఎవరు తీస్తారు అనుకుని ఎలక్ట్రానిక్‌లోనే పెట్టేశాను.

కొన్న మూడో వారం అనుకుంటా, మా బృందంలో ఒక కుర్రాడు ఐదు నెలలుగా ఫోమ్ పిట్‌లో, అంటే స్పాంజి ముక్కలు నింపిన గుంతలో, బ్యాక్‌ఫ్లిప్ (సైకిల్‌తో సహా వెనక్కి పల్టీ) సాధన చేసి, ఆ సాయంత్రం మొదటిసారి చెక్క ర్యాంప్ మీద వేస్తానన్నాడు. వాడి కంటే నాకే టెన్షన్ ఎక్కువ. ర్యాంప్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అంచు దగ్గర ముందే ఫోకస్ లాక్ చేసి, షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టి, కెమెరా కదపకుండా వాడు ఫ్రేములోకి వచ్చేదాకా ఆగాను. వాడు వచ్చాడు, లేచాడు, తిరిగాడు, రెండు చక్రాల మీదా దిగాడు. అందరూ ఒక్కసారిగా అరిచారు. నేను బటన్ నొక్కి పట్టుకున్న ఆ సెకనున్నరలో 45 ఫ్రేములు పడ్డాయి, కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ అద్భుతంగా కనిపించాయి.

రాత్రి కంప్యూటర్‌లో తెరిస్తే రెండు చక్రాలూ కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. స్పోకులు కొడవలిలా వంగిపోయాయి, సైకిల్ ఫ్రేము ట్యూబులు ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఫోకస్ బాగుంది, హెల్మెట్ మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు, కానీ 45 ఫ్రేముల్లో ఒక్క దాంట్లోనూ చక్రం గుండ్రంగా లేదు. మర్నాడు ఆ కుర్రాడు వచ్చి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అన్నా, నా రిమ్ము వంగిపోయిందా?" అన్నాడు. కాదురా, అది కెమెరా తప్పు అని చెప్తుంటే వినకుండా బయటికెళ్లి సైకిల్ ముందు భాగం పైకెత్తి, చక్రం తిప్పి, రిమ్ము పక్కన బొటనవేలి గోరు ఆనించి పట్టుకుని చూశాడు, ఎక్కడైనా తగులుతుందేమో అని. ఎక్కడా తగల్లేదు. చక్రం నిక్షేపంగా ఉంది. వాడి మొదటి బ్యాక్‌ఫ్లిప్‌కి ఒక్క సరైన ఫోటో లేదు, మళ్లీ ఎన్ని వేసినా అది మొదటిది అవదు కదా. ఇప్పటికీ ఆ విషయం గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఏం జరిగిందంటే, 1/2000 అనేది సెన్సర్‌లో (వెలుతురుని చిత్రంగా మార్చే చిప్పు) ఒక్కో వరసకి వెలుతురు తగిలే సమయం మాత్రమే. అన్ని వరసలూ ఒకేసారి చదవబడవు, పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి చదవబడతాయి, మామూలు సెన్సర్లలో ఆ మొత్తం పనికి 1/30 సెకను, కొన్నిటికి అంతకంటే ఎక్కువే పడుతుంది. లెక్క వేసి చూడండి. సైకిల్ సెకనుకు 8 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 29 కిలోమీటర్లతో పోతోంది, 1/30 సెకనులో అది 27 సెంటీమీటర్లు ముందుకెళ్తుంది. ఫ్రేము ఎత్తులో పావు వంతు చక్రమే ఉంటే, చక్రం పైభాగం చదివే సమయానికి, కిందభాగం చదివే సమయానికి మధ్య అది ఆరేడు సెంటీమీటర్లు జరిగిపోయింది. 20 అంగుళాల చక్రం అంటే అర మీటరు, అందులో ఆరేడు సెంటీమీటర్ల తేడా కంటికి ఎందుకు కనబడదు? మెకానికల్ షట్టర్‌లో కూడా తెర కదులుతుంది గానీ అది దాదాపు 1/250 సెకనులో దాటేస్తుంది, ఫ్లాష్ సింక్ వేగం అని ఇచ్చే అంకె సుమారుగా చెప్పేది అదే. అందుకే ఆ తేడా ఎవరికీ పట్టదు.

కాబట్టి మీరు ముందు చూడాల్సింది సెన్సర్ ఎంత వేగంగా చదవబడుతుంది అన్నది. నా దృష్టిలో యాక్షన్ తీసేవాళ్లకి దీని తర్వాతే మెగాపిక్సెల్స్ అయినా, ఇంకేదైనా. 2017లో సోనీ ఏ9 వచ్చినప్పుడు స్టాక్డ్ సెన్సర్ (వేగంగా చదవడానికి వెనక పొరలు పేర్చిన సెన్సర్) అనే మాట ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాల్లోకి వచ్చింది, 2021లో నికాన్ జెడ్9 అయితే మెకానికల్ షట్టర్‌నే తీసేసింది, సెన్సర్ అంత వేగంగా చదువుతుంది కాబట్టి ఇక దానితో పని లేదని. చిన్న సెన్సర్లలో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-హెచ్2ఎస్ స్టాక్డే. సోనీ ఏ9 మూడో తరం ఇంకో అడుగు ముందుకేసింది, గ్లోబల్ షట్టర్, అన్ని వరసలూ ఒకే క్షణంలో, చక్రం వంగే ప్రశ్నే లేదు, సెకనుకు 120 ఫ్రేములు. కాకపోతే దాని బేస్ ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే అతి తక్కువ మామూలు స్థాయి) 250 నుంచి మొదలవుతుంది, ఎండలో వీడియోకి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే నల్లద్దం) గట్టిదే కావాలి. ఇవన్నీ ఖరీదైనవే, తెలుసు. డబ్బు అంత లేకపోతే బాధపడకండి, మెకానికల్ షట్టర్‌తో 10, 12 ఫ్రేములు నిలకడగా ఇచ్చే బాడీ తీసుకోండి చాలు. 2016లో వచ్చిన నికాన్ డీ500 సెకనుకు 10 ఫ్రేములే, కానీ ఎక్స్‌క్యూడీ అనే వేగమైన మెమరీ కార్డుతో ఆగకుండా 200 రా ఫైళ్ల (కెమెరా కుదించి మార్చని అసలు ఫోటో ఫైళ్లు) దాకా పోయేది. ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో ఫోటోలకి మంచి కెమెరా. వీడియోకి మాత్రం వద్దు, 4కేలో క్రాప్ (చిత్రం అంచులు కోసేయడం) విపరీతం, ఫోకస్ మీ ఇప్పటి బాధే మళ్లీ.

నాకు ఒళ్లు మండే విషయం ఏంటంటే, సెన్సర్ చదవడానికి ఎంత సమయం పడుతుందో కంపెనీలు చాలావరకు డబ్బా మీద గానీ స్పెసిఫికేషన్లలో గానీ రాయవు. బరువు గ్రాములతో సహా రాస్తారు, ఇది మాత్రం మనమే కనిపెట్టాలి. రివ్యూలు చేసేవాళ్లూ అంతే, స్నేహితుణ్ణి పార్కులో తమ వైపు పరిగెత్తించుకుని "ఫోకస్ అద్భుతం" అంటారు. మా కుర్రాళ్లు తలకిందులుగా ఉంటారు, మొహం మొత్తం కప్పే హెల్మెట్, దాని మీద గాగుల్స్, ర్యాంప్ వెనక నుంచి ఒక్కసారిగా లేస్తారు. కంటిని వెతికి పట్టుకునే ఫోకస్ ఏ కంటిని పట్టుకుంటుంది అక్కడ?

మీరే పరీక్షించుకునే దారి ఒకటుంది. కొనేముందు ఆ కెమెరా ఒక్క రోజు అద్దెకి తెచ్చుకోండి, కుదరకపోతే దుకాణంలోనే అడగండి. ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి, వేగంగా తిరిగే ఫ్యాన్‌ని 1/2000లో తీయండి. అదే మెకానికల్‌లో ఇంకోటి. రెక్కలు రెండు ఫోటోల్లో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకెవరి రివ్యూ అక్కర్లేదు. ఇంకోటి, నిలువు స్తంభం ముందు నిలబడి కెమెరాని పక్కకి జోరుగా తిప్పుతూ వీడియో తీయండి, స్తంభం ఎంత ఒరుగుతుందో చూడండి. వీడియో ఎప్పుడూ ఎలక్ట్రానిక్ షట్టరే కాబట్టి, అక్కడ ఒరిగితే మీ ప్యానింగ్ షాట్లన్నీ ఒరుగుతాయి, మెకానికల్‌కి మార్చుకునే అవకాశం కూడా ఉండదు.

తర్వాత బఫర్, అంటే కార్డులోకి వెళ్లేదాకా ఫోటోలు ఆగే కెమెరాలోని జాగా. 30 ఫ్రేములు ఎన్ని సెకన్ల పాటు అని ఎవరూ అడగరు. ఒక రా ఫైలు 30 ఎంబీ అనుకుంటే 20 ఫ్రేములకే సెకనుకు 600 ఎంబీ, యూహెచ్ఎస్-2 రకం ఎస్‌డీ కార్డు దారి వెడల్పే సెకనుకు 312 ఎంబీ, రాసే వేగం అంతకంటే తక్కువ. మిగతాదంతా బఫర్‌లో పేరుకుంటుంది, నిండగానే కెమెరా నత్తనడక మొదలుపెడుతుంది, సరిగ్గా మీ రైడర్ గాల్లో ఉన్నప్పుడే. కార్డు మీద పెద్దగా కనిపించే అంకె ఎక్కువగా చదివే వేగం, మనకి కావాల్సింది రాసే వేగం. వీ30, వీ60, వీ90 అని ఉంటే అది సెకనుకు కనీసం అన్ని ఎంబీలు ఆగకుండా రాస్తానన్న హామీ, వీడియోకి అది చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో అంటే సెకనుకు 12.5 ఎంబీయే, దానికి వీ30 చాలు, వీ90 కొని డబ్బు పోగొట్టుకోవద్దు. బరస్ట్ (బటన్ నొక్కి పట్టి వరసగా తీయడం) ఎక్కువ తీస్తారంటే మాత్రం సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఇంకా వేగమైన కార్డు పట్టే బాడీ వైపే చూడండి.

లెన్స్ గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. మీ దగ్గర కిట్ లెన్సే (కెమెరాతో పాటు వచ్చేది) ఉంటే, ఉన్న డబ్బులో పెద్ద ముక్క లెన్స్‌కి పెట్టండి. ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది, అది ఎంత చిన్నదైతే అంత వెలుతురు; ఎఫ్5.6 నుంచి ఎఫ్2.8కి వస్తే నాలుగు రెట్లు వెలుతురు. సాయంత్రం ఆరింటికి 1/2000లో ఐఎస్ఓ 12800 అడిగిన చోట 3200తో పని అయిపోతుంది, ఆ తేడా ఏ కొత్త బాడీ ఇవ్వదు. చాలామంది బాడీలో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు, అది మీ చేతి వణుకుని ఆపుతుంది, సైకిల్‌ని ఆపదు. ఇక స్కేట్‌బోర్డింగ్‌లో మీరు ఫిష్‌ఐతో (చాలా వెడల్పుగా, అంచులు వంగినట్టు చూపే లెన్స్) దగ్గరికెళ్లి తీసేవాళ్లయితే ఆటోఫోకస్ కోసం అసలు ఖర్చు పెట్టక్కర్లేదు. ఫుల్‌ఫ్రేమ్ మీద 15 ఎంఎం ఫిష్‌ఐ, ఎఫ్8, ఫోకస్ మీటరు దగ్గర పెట్టి వదిలేయండి, అర మీటరు నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగానే ఉంటుంది.

వీడియోలో స్లోమోషన్ కావాలంటే 4కే 120 ఉందా అని మాత్రమే చూడకండి, ఆ మోడ్‌లో ఎంత క్రాప్ అవుతుంది, ఎంతసేపటికి వేడెక్కి ఆగిపోతుంది అన్నవి చూడండి, ఎండలో గంటసేపు నిలబడేది మీరు. 120 ఫ్రేములకి షట్టర్ 1/240 దగ్గర ఉంచితే కదలిక సహజంగా ఉంటుంది. వీడియోలోంచి ఫోటో కోసుకోవచ్చు కదా, ఇక ఫోటోలు తీయడం దేనికి అనేవాళ్ల మాట వినొద్దు. 4కే ఫ్రేము అంటే 8 మెగాపిక్సెల్సే, పైగా 1/50లో, 1/100లో తీసిన ఫ్రేములో చక్రం పొగలా ఉంటుంది. ఫోటోకి 1/2000 కావాలి, వీడియోకి ఆ మసకే కావాలి, రెండూ ఒకే పరుగులో రావు. అందుకే నేను ఒక పరుగు ఫోటోకి, ఒక పరుగు వీడియోకి అని రైడర్లతో ముందే మాట్లాడుకుంటాను. వాళ్లు ఒప్పుకుంటారు, ఎలాగూ పది సార్లు వేస్తారు.

నేను ఆ బాడీని అమ్మలేదు. మెకానికల్ షట్టర్‌లో పెట్టి, 12 ఫ్రేములతో, ఎఫ్2.8 లెన్స్‌తో ఇప్పటికీ అదే వాడుతున్నాను, వీడియోకి వేరే బాడీ తీసుకున్నాను. ఆ మొదటి బ్యాక్‌ఫ్లిప్ అయిన రెండు వారాల తర్వాత అదే కుర్రాడు అదే ర్యాంప్ మీద మళ్లీ వేశాడు. పది, పదిహేను ఫ్రేములు పడ్డాయి, పనికొచ్చినవి మూడు. ఒకదాంట్లో వాడు పూర్తిగా తలకిందులుగా ఉండి దిగాల్సిన చోటుకేసి చూస్తున్నాడు, ముందు చక్రం పూర్ణచంద్రుడిలా గుండ్రంగా ఉంది. అది ప్రింటు వేసిచ్చాను, వాడు ముందు చూసింది చక్రాన్నే.

మీరు ఎక్కువగా తీసేది పక్క నుంచా, ఫిష్‌ఐతో దగ్గర నుంచా, ఇప్పుడు మీ దగ్గర ఏ మౌంటు (కెమెరాకి లెన్స్ బిగించే అమరిక) లెన్సులున్నాయో కింద రాయండి. అది తెలియకుండా ఫలానా మోడల్ కొనండి అని నేను చెప్పలేను.