పాస్‌వర్డ్ మార్చినా నెట్‌ఫ్లిక్స్‌లో ఎవరో చూస్తూనే ఉన్నారంటే

పాత పాస్‌వర్డ్‌నే ఇంకో సైట్‌లోనూ పెట్టి ఉంటారు, అక్కడ లీకై ఉండొచ్చు. మార్చాక కూడా తెలియని ప్రొఫైల్‌లో సినిమాలు నడుస్తున్నాయంటే వాళ్ల టీవీ ఇంకా లాగిన్‌లోనే ఉన్నట్టు.

1. ముందు నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చిన జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, రీసెట్ లింక్ వచ్చేది అక్కడికే.

2. నెట్‌ఫ్లిక్స్‌కు ఇంకెక్కడా వాడనిది పెట్టండి. నల్గొండ123 లాంటివి అస్సలు వద్దు అన్నా.

3. అందరూ వదిలేసేది ఇదే: అకౌంట్‌లో సెక్యూరిటీలోకి పోతే ఏ డివైస్‌లో ఎప్పుడు చూశారో కనబడుతుంది (ఊరు ఉజ్జాయింపే, మిర్యాలగూడలో మీ అక్క వాళ్ల టీవీకి హైదరాబాద్ అని చూపించినా టెన్షన్ పడకండి), అది చూసుకుని అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ నొక్కండి.

4. ఆ ప్రొఫైల్ డిలీట్ చేసి, పాత పాస్‌వర్డ్ ఇంకెక్కడున్నా ఇవాళే మార్చేయండి.