డిఫెండర్‌ని కొనే ముందు

చిన్నా,

ఇంగ్లండ్‌లో మీ ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు ప్లేయర్లని వెతికే పని నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. మొదటి పనే డిఫెన్స్ బాగుచేయడం అనేసరికి టెన్షన్ పడుతున్నావట. మార్కెట్ లెక్కలు నాకంటే నీకే బాగా తెలుసు, కానీ సెంటర్ బ్యాక్‌గా (గోల్ ముందు మధ్యలో కాసే డిఫెండర్‌గా) ఆడి, తర్వాత పిల్లలకి కోచింగ్ ఇచ్చినవాణ్ణి కదా, నాకు తోచింది చెప్తా.

గోల్స్ ఎక్కువ పడుతున్నాయనగానే సెంటర్ బ్యాక్ కోసం పరిగెత్తకు. ఈ సీజన్‌లో పడిన గోల్స్ అన్నీ మళ్లీ చూడు, బంతి నెట్‌లోకి వెళ్లిన చోటు నుంచి కాదు, మనవాళ్లు దాన్ని పోగొట్టుకున్న చోటు నుంచి. ఫుల్ బ్యాక్‌లు (రెండు అంచుల్లో కాసేవాళ్లు) ఇద్దరూ ముందే ఉండిపోయి, మిడ్‌ఫీల్డ్‌లో అడ్డుకునేవాడే లేకపోతే వెనక ఎంత మొనగాడున్నా ఏం చేస్తాడు? కార్నర్ కిక్‌ల మీదే గోల్స్ పడుతుంటే దానికి ప్రాక్టీస్ కావాలి, కొత్త మనిషి కాదు.

లివర్‌పూల్‌నే తీసుకో. 2017 వేసవిలో వాళ్లకి సౌతాంప్టన్ సెంటర్ బ్యాక్ వాన్ డైక్ కావాలి, ఆ క్లబ్ ఇవ్వనంది, పైగా మా ప్లేయర్‌తో దొడ్డిదారిన మాట్లాడుతున్నారని గొడవ పెడితే లివర్‌పూల్ బహిరంగంగా క్షమాపణ చెప్పి తప్పుకుంది. ఎవరో ఒకర్ని తెచ్చి అభిమానుల నోరు మూయించొచ్చు, కానీ అలా చేయలేదు. తిట్లు తింటూ ఉన్నవాళ్లతోనే సగం సీజన్ నెట్టుకొచ్చి, 2018 జనవరిలో 75 మిలియన్ పౌండ్లకి అతన్నే తెచ్చుకున్నారు. ఆ వేసవిలో రోమా నుంచి గోల్‌కీపర్ అలిసన్ కూడా వచ్చాడు. లీగ్‌లో 2017-18లో 38 గోల్స్ ఇచ్చిన జట్టు మరుసటి సీజన్‌లో ఇచ్చింది 22. అంతా వాన్ డైక్ పుణ్యమే అని రాసేవాళ్లు కీపర్ కూడా మారాడన్న సంగతి మర్చిపోతారు (దీని మీద నాకెప్పుడూ మంటే). నీ లెక్కలో కీపర్‌ని కూడా డిఫెన్స్‌లోనే వేసుకో.

మీ దగ్గర అంత డబ్బు ఎలాగూ లేదు కాబట్టి నీకు పనికొచ్చేది హల్ సిటీ లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచు డిఫెండర్) రాబర్ట్‌సన్ కథ. 2016-17లో హల్ సిటీ 80 గోల్స్ తిని కింది డివిజన్‌కి పడిపోయింది. అంత చెత్తగా గోల్స్ ఇచ్చిన జట్టు లెఫ్ట్ బ్యాక్‌ని ఎవరు కొంటారు అనుకుంటాం, కానీ లివర్‌పూల్ 8 మిలియన్ పౌండ్లకి తెచ్చుకుంది, తర్వాత ఎంత పెద్ద ప్లేయర్ అయ్యాడో నీకు తెలుసు. ఓడిపోయే జట్టులో డిఫెండర్‌కి పని ఎక్కువ, వాడి అసలు రంగు అక్కడే బయటపడుతుంది. సెంటర్ బ్యాక్ మాటిప్ అయితే జర్మనీ క్లబ్ షాల్కేలో కాంట్రాక్ట్ అయిపోయాక 2016లో ఫ్రీగానే వచ్చాడు. వచ్చే జూన్‌లో కాంట్రాక్ట్ ముగిసేవాళ్ల జాబితా ఇప్పుడే తయారుచేసుకో, వేరే దేశంలో ఆడేవాడైతే జనవరి నుంచే ముందస్తు ఒప్పందం మాట్లాడుకోవచ్చు.

మనిషిని చూసేటప్పుడు వాడి ట్యాకిల్స్ (ఎదుటివాడి కాలి దగ్గర్నుంచి బంతి లాక్కోవడం) లెక్క చూసి మురిసిపోకు. అస్తమానం కింద పడి ట్యాకిల్ చేస్తున్నాడంటే చాలాసార్లు ముందే తప్పు చోట నిలబడ్డాడని అర్థం. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు మెడ తిప్పి వెనక ఎవడున్నాడో చూసుకుంటున్నాడా, పక్కవాడితో మాట్లాడుతున్నాడా, అది చూడు, టీవీ వీడియోలో ఇది సగం కూడా కనపడదు కాబట్టి స్టేడియానికి వెళ్లాల్సిందే. మీ కోచ్ డిఫెండర్ల లైన్‌ని సెంటర్ దగ్గరదాకా జరిపి ఆడిస్తాడా, గోల్ ముందు బాక్స్ దగ్గరే ఉంచుతాడా? పైకి జరిపే కోచ్‌కి పరుగు లేనివాణ్ణి కొనిస్తే ఆ కుర్రాడి కెరీర్ కూడా పాడవుతుంది. ఇప్పుడున్న సెంటర్ బ్యాక్ ఎగబడి ఆడే రకమైతే పక్కన నిదానంగా వెనక కాసేవాడు కావాలి, ఇద్దరూ ఎగబడితే కొంప కొల్లేరే.

ఇంకోటి, ఉన్నవాణ్ణి అమ్మే ముందు బాగా ఆలోచించు. 2020 వేసవిలో లివర్‌పూల్ సెంటర్ బ్యాక్ లోవ్రెన్‌ని అమ్మేసి అతని చోట ఎవర్నీ తీసుకోలేదు. మిగిలిన సెంటర్ బ్యాక్‌లు, అక్టోబర్‌లో వాన్ డైక్, నవంబర్‌లో గోమెజ్, జనవరి చివర్లో మాటిప్, వరసగా దెబ్బలు తగిలి ఆటకి దూరమయ్యారు. మిడ్‌ఫీల్డ్‌లో ఉండాల్సిన ఫాబిన్యో, హెండర్సన్ వెనకకి వచ్చేసరికి మిడ్‌ఫీల్డ్ కూడా ఖాళీ అయిపోయింది, సొంత గ్రౌండ్‌లో లీగ్ మ్యాచ్‌లు వరసగా ఆరు ఓడారు. విండో (ప్లేయర్లని కొనుక్కోవడానికిచ్చే గడువు) చివరి రోజున సెంటర్ బ్యాక్‌లు ఇద్దర్ని, కబాక్‌ని లోన్ మీద, బెన్ డేవిస్‌ని కొని తెచ్చారు, డేవిస్ ఆ జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లిపోయాడు. అంత పెద్ద క్లబ్‌కే విండో ఆఖర్లో దొరికింది అది, మీకేం దొరుకుతుందో ఆలోచించు. నిజంగా మనిషి కావాలంటే డిసెంబర్‌లోపే మాట పూర్తిచేయండి, కుదరకపోతే మీ యూత్ జట్టులో ఉన్నవాడికే ఛాన్స్ ఇమ్మని కోచ్‌కి చెప్పు.

మెడికల్ రిపోర్ట్‌లో మోకాలు, తొడ కండరాల పేజీలు నువ్వే దగ్గరుండి చదివించుకో, ఏజెంట్ చెప్పే మాట వద్దు. నీ జాబితాలో ఉన్నవాళ్ల మ్యాచ్‌లు పంపు, గెలిచినవి అక్కర్లేదు, మూడు నాలుగు గోల్స్ తిన్నవి పంపు, నేనూ చూసి చెప్తా.

మీ బాబాయి