పాత క్షిపణి మోటారు చవకే, మిగతాదే ఖర్చు

రిటైరైన బాలిస్టిక్ క్షిపణుల మోటార్లతో (అంటే ఘన ఇంధన ఇంజన్లతో) సబ్‌ఆర్బిటల్ రాకెట్లు, అంటే కక్ష్యలోకి చేరకుండా పైకెళ్లి తిరిగి కిందపడేవి, కడితే నిజంగా ఖర్చు తగ్గుతుందా, అంత పాత మోటారును నమ్మొచ్చా అని అడిగారు. సౌండింగ్ రాకెట్లలో (పరిశోధన పరికరాలను కొద్ది నిమిషాలు పైకి తీసుకెళ్లే చిన్న రాకెట్లలో) పెట్టే పరికరాల బృందంలో కొన్నేళ్లు పనిచేశాను. పాత సైనిక మోటారు మీద ఎగరాల్సిన పేలోడ్ (రాకెట్ మోసుకెళ్లే పరికరం) కూడా మా చేతికి వచ్చింది.

ముందు వయసు సంగతి. ఘన ఇంధనం రబ్బరులా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగలొచ్చు, మోటారు గోడ నుంచి ఊడిపోనూవచ్చు. పగులు ఉంటే మంట అందులోకీ పాకుతుంది. మండే ఉపరితలం పెరిగి, లోపలి ఒత్తిడి ఎగసి, మోటారు పేలిపోవచ్చు. అందుకే ఎక్స్‌రే తీస్తారు, ఆ కాలపు మోటార్లలో కొన్నిటిని నేల మీదే మండించి చూస్తారు. ఇవన్నీ దాటిన మోటారును నేను నమ్ముతాను. అమెరికా పాత క్షిపణి మినిట్‌మన్-2 దశల మీద కట్టిన మినోటార్-1 రాకెట్, 2000 నుంచి ఏకంగా ఉపగ్రహాలనే కక్ష్యలోకి చేర్చింది.

అసలు టెన్షన్ పేలోడ్ వాళ్లది. ఆ మోటారును వార్‌హెడ్ (క్షిపణి మోసే బాంబు) కోసం చేశారు, సున్నితమైన టెలిస్కోపు కోసం కాదు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే మధ్యలో మంట తగ్గించలేం. పైగా ఇంధనం తరిగి రాకెట్ తేలికయ్యేకొద్దీ త్వరణం పెరుగుతుంది. పరికరాన్ని కుదిపి పరీక్షించే వైబ్రేషన్ టేబుల్ మీద మా డిటెక్టర్ బోర్డు బిగింపులు వదులైపోయాయి. ఫ్రేమును గట్టిగా మళ్లీ చేయించాం. దాంతో బరువు పెరిగింది, ఆ మేరకు ఒక చిన్న సెన్సర్‌ను వదులుకోవాల్సి వచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే. మోటారు దగ్గర మిగిలిన డబ్బు చాలావరకు ఇలాంటి పనులకే పోయింది. రాకెట్‌ను దారిలో నడిపే గైడెన్స్, దారి తప్పితే రాకెట్‌ను గాల్లోనే ధ్వంసం చేసే వ్యవస్థ, దశల మధ్య జోడింపు కూడా కొత్తగా చేయాల్సిందే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1946 అక్టోబరు 24న అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి, జర్మనీలో స్వాధీనం చేసుకున్న వీ-2 క్షిపణి మీద కెమెరా పెట్టి, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తు నుంచి భూమిని ఫొటో తీశారు. బరువైనదాన్ని కొద్దిసేపు, గట్టిగా తోయాలంటే ఇదే మంచి దారి. 2019 జులై 2న నాసా వ్యోమనౌక ఓరియన్ అబార్ట్ పరీక్షకు (ప్రమాదంలో క్యాప్సూల్ తప్పించుకోగలదా అని చూసేది) పీస్‌కీపర్ అనే పాత క్షిపణి మొదటి దశ మోటారునే వాడారు. ఎగిరిన నిమిషంలోపే నమూనా క్యాప్సూల్ తప్పించుకుని బయటపడింది.

మీరు ప్రైవేట్ కంపెనీ తరఫున అడుగుతుంటే మాత్రం, అమెరికాలో ఈ మోటార్లు అమ్మరు. 1998 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ అవసరాలకే, అదీ అనుమతులతో వాడతారు. మీ పరికరం చిన్నదైతే మామూలు సౌండింగ్ రాకెట్‌కే దరఖాస్తు పెట్టండి.